ముంజేటి వారి ఒకే ఒక్క నెమలి

కోటిలంకలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ఊరంతా కాసేపు ఆలోచిస్తుంది. ముంజేటి వారు మాత్రం ఆలోచించరు. "ఇంకెవరండీ, మేమే" అంటారు.

"మా తెలివి గొప్పతనం ఏంటంటే, ఏది రాసుంటే అదే చేస్తాం, ఏది చెబితే అదే వింటాం. సొంత తెలివి వాడి అరగదీసుకోం. అందుకే మాది ఇప్పటికీ కొత్తదానిలా ఉంది" అని ఇంటి పెద్దకొడుకు గవరయ్య మీసం దువ్వుకుంటాడు.

అబద్ధం చెప్పడు పాపం. ఆయన భార్య మంగతాయారు ఓసారి రావులపాలెం బస్సెక్కింది. కిటికీ పక్కన 'చేతులు బయట పెట్టరాదు' అని రాసుంది. అంతే, రెండు చేతులూ కొంగులో దాచేసుకుంది. ఊరొచ్చింది. దిగాలంటే కడ్డీ పట్టుకోవాలి, పట్టుకోవాలంటే చెయ్యి బయట పెట్టాలి. ఇంకేముంది, దిగకుండా డిపో దాకా వెళ్ళి, అదే బస్సులో తిరిగి కోటిలంక వచ్చేసింది. గవరయ్య వచ్చి బియ్యం మూటలా ఎత్తి దింపుకున్నాడు.

గవరయ్య తమ్ముడు సూరన్న రేషను డిపోకెళ్తే 'వరుసలో రావలెను' అని బోర్డు కనబడింది. చూస్తే అక్కడ తనొక్కడే. ఒక్కడు వరుసెలా అవుతాడు? ఇంటికి పరిగెత్తి అన్ననీ వదిననీ అమ్మనీ తెచ్చి, వాళ్ళని ముందు నిలబెట్టి తను వెనక నిలబడ్డాడు. ముందున్న ముగ్గురూ "మాకేం వద్దండీ, మేం వరుసకి వచ్చాం" అని డీలరుకి నచ్చజెప్పేసరికి డిపో మూసేసే వేళయింది.

ఇక అమ్మ బుల్లెమ్మ. ఆవిడ ఈ ముగ్గురికీ తెలివి నేర్పిన మనిషి. ఇంకేం చెప్పను?

అలాంటి ఇంటికి కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషను వచ్చింది. కంప్యూటర్‌లో బొమ్మ ఎంచుకుంటే చాలు, పక్కనున్న మిషను దానంతటదే గుడ్డ మీద కుట్టేస్తుంది. ఆ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి రాజమండ్రి నుంచి ఫణికుమార్ అనే ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. పని ముగించి, నలుగురినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"గవరయ్యగారూ, బాగా వినండి. దొంగ కాపీలు ఎక్కువైపోయాయని కంపెనీవాళ్ళు చాలా గట్టిగా ఉన్నారు. ఈ సాఫ్ట్‌వేర్ ఒక్క కంప్యూటర్‌కే. దీనికి కాపీ తియ్యడం నేరం. మీరు తియ్యకూడదు, ఇంకొకరిని తియ్యనివ్వకూడదు. ఇదిగో, ఈ చీటీలో పదహారు అక్షరాల కోడ్ ఉంది. ఎవరికీ చెప్పకండి, ఎవరి కంటా పడనివ్వకండి."

"ఆయ్, తమరు చెప్పాక తిరుగుందాండీ?" అన్నాడు గవరయ్య.

తిరుగులేదు. ఫణికుమార్ బండి సందు తిరిగిందో లేదో కాపలా మొదలైంది. బుల్లెమ్మ గుమ్మంలో పీటేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు కంప్యూటర్‌ని చూసి, ఇంటికెళ్ళి అలాంటిదే చేసుకుంటే? అది కాపీ కాదూ? అందుకని ఎవరొచ్చినా వెనక్కి తిరిగి, వీపు ముందుకి పెట్టి లోపలికి రావాలి. పాలు పోసే ఆవిడ రెండు రోజులు గడపకి తన్నుకుని, మూడో రోజునుంచి వీధిలోంచే పోసి వెళ్ళింది.

తర్వాత చీటీ సంగతి. ఎవరి కంటా పడకూడదన్నాడు కదా, ఒకరి దగ్గరే ఉంటే ఆ ఒకరి కంట పడుతుంది. బుల్లెమ్మ ఆలోచించి చీటీని నాలుగు ముక్కలుగా చింపింది. తలా నాలుగక్షరాలు. ఎవరిది వాళ్ళు బట్టీ పట్టి, ముక్కని పొయ్యిలో వేసెయ్యాలి. ఎవరిది వాళ్ళు ఇంకొకరికి చెప్పకూడదు, చచ్చినా సరే.

బుల్లెమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆకారాలు గుర్తుపెట్టుకుంది.

"నా బాతు సంగతి నేనెవరికీ చెప్పను. నా తలకిందుల కుర్చీ గురించీ, నిచ్చెన గురించీ ఎవరూ అడగొద్దు" అని వీధిలో వెళ్ళేవాళ్ళకి కూడా వినబడేలా చెప్పింది.

"నాలుగోదో అత్తయ్యా?" అంది మంగతాయారు.

"అది సున్నా. అది కూడా చెప్పను."

అంత భద్రం.

సోమవారంనాడు వరహాలమ్మ టీచరు వచ్చింది. ఊళ్ళో కోలాటం జట్టుకి ఆవిడే పెద్ద. వీపు ముందుకి పెట్టి లోపలికొచ్చి, వీధివైపు చూస్తూ మాట్లాడింది.

"ఆదివారం అమలాపురంలో పోటీ గవరయ్యా. ఆరేళ్ళనుంచి రెండో స్థానంలోనే ఆగిపోతున్నాం. ఆటకి మార్కులొస్తున్నాయి, బట్టలకి పోతున్నాయి. ఒకత్తిది ఎరుపు, ఒకత్తిది వంకాయ రంగు, ఒకత్తిది ఏ రంగో దానికే తెలీదు. నాకు ఈ ఏటితో అరవై నిండుతాయి. మోకాళ్ళు చూస్తే వచ్చే ఏడు ఎగరనిచ్చేలా లేవు. ఈసారి మొదటి బహుమతి చూసి కూర్చుంటాను. ఇవిగో పదహారు ఎర్ర జాకెట్టు ముక్కలు. వీపు మీద నెమలి కుట్టి, జాకెట్లు కూడా మీరే కుట్టెయ్యండి. శనివారం నాలుగింటి బస్సుకి వెళ్ళిపోవాలి."

"శనివారం దాకా ఎందుకండీ, గురువారానికే అయిపోతాయి" అంది మంగతాయారు.

"నీ నోట్లో పంచదార పొయ్య" అంది టీచరు వీధిలో వెళ్తున్న గేదెని చూస్తూ.

మంగళవారం పొద్దున్నే స్నానాలు చేసి, తలలు దువ్వుకుని, గవరయ్య నున్నగా గడ్డం గీసుకుని, నలుగురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మీట నొక్కగానే తెర మీద తెలుగులో అక్షరాలొచ్చాయి.

'కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ సిద్ధంగా ఉంది. ఇప్పుడే మార్చుకుంటారా?'

"అదేంటన్నయ్యా?" అన్నాడు సూరన్న.

"కంప్యూటర్ లోపల కూర్చుని కంప్యూటర్‌ని నడిపేదిరా. బస్సుకి డ్రైవరు లాంటిది."

"పాపం, పాతాయన అలిసిపోయుంటాడండీ. మార్చెయ్యమనండి" అంది మంగతాయారు.

గవరయ్య 'ఇప్పుడే' అన్నచోట నొక్కాడు. తెర నీలంగా మారింది. 'దయచేసి వేచి ఉండండి. కంప్యూటర్‌ని ఆపకండి' అని వచ్చింది. కింద ఒక శాతం, రెండు శాతం అని అంకెలు.

అంతే. నలుగురూ వేచి ఉన్నారు. ఎలా ఉన్నవాళ్ళు అలా. సూరన్న అప్పుడే తుమ్మబోయి ఆపేసుకున్నాడు.

కాసేపటికి వంటింట్లోంచి వాసనొచ్చింది.

"ఏవండీ, అన్నం మాడుతోంది."

"వేచి ఉండమంది."

"మాడిపోయిందండీ."

"దయచేసి అని కూడా అంది మంగా. అంత మర్యాదగా అడిగితే లేచిపోతామా?"

గిన్నె అడుగు నల్లబడింది, తర్వాత గిన్నే నల్లబడింది. ఇరవై ఏడు శాతం దగ్గర అంకె కూడా వీళ్ళలాగే కదలకుండా కూర్చుంది. సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. తెర చీకటైంది.

"ఆపకండి అని చెప్పింది కదా! ఎవరాపారు?" అని కేకేసింది బుల్లెమ్మ.

నలుగురూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఎవరూ ఆపలేదు. ఆపింది కరెంటువాళ్ళు. ఇంకేముంది, సూరన్న సైకిలెక్కి సబ్‌స్టేషనుకి దౌడు తీశాడు. అక్కడ డ్యూటీలో ఉన్నది దావీదు, నిదానస్తుడు.

"దావీదుగారూ, తమరు మా కంప్యూటర్‌ని ఆపేశారండి. ఆపొద్దని అది స్పష్టంగా రాసింది."

"ఎవరికి రాసింది?"

"ఎవరికని పేరు పెట్టలేదండి. అందరికీ అన్నమాటే."

"తీగ మీద కొబ్బరిమట్ట పడింది సూరన్నా. అది తియ్యాలి కదా."

"ఆ మట్టకి కూడా చెబుదామని వచ్చానండి. ఎక్కడుంది?"

దావీదు అతన్ని పైనుంచి కిందకి చూసి, వేలు పెట్టి తీగ చూపించాడు. సూరన్న స్తంభం కింద నిలబడి, చేతులు కట్టుకుని, కొబ్బరిమట్టకి సంగతంతా వివరంగా చెప్పాడు. ఈలోగా లైన్‌మన్ దాన్ని కర్రతో లాగేశాడు. కరెంటొచ్చింది. "మంచి మట్టండీ, చెబితే వింది" అని సూరన్న సంతోషంగా ఇంటికొచ్చాడు.

ఇంట్లో తెర వెలిగింది గానీ మాట మారింది. 'మార్పు పూర్తి కాలేదు. ఇప్పటిదాకా చేసిన మార్పులన్నీ రద్దు చేస్తున్నాం' అంది.

"రద్దు చేస్తున్నాం అందంటే అందరం చెయ్యాలి కాబోలు" అన్నాడు గవరయ్య.

పొద్దున్నుంచి ఎవరేం మార్చారో లెక్కేసుకున్నారు. మంగతాయారు జడ విప్పి, జుట్టు చింపిరి చేసుకుంది. సూరన్న ఉతికిన చొక్కా విప్పి, మాసినది వెతికి తొడుక్కున్నాడు. బుల్లెమ్మ ఊడ్చిన తుక్కంతా తిరిగి ఇల్లంతా చల్లింది. అన్నీ బాగానే రద్దయ్యాయి. గవరయ్య గడ్డం దగ్గర వచ్చింది చిక్కు. గీసినదాన్ని రద్దు చెయ్యడం ఎలా?

"దొడ్లో కొబ్బరిపీచుంది కదరా" అంది బుల్లెమ్మ.

అన్నం మెతుకులు మెదిపి జిగురు చేద్దామంటే మెతుకులన్నీ బొగ్గయ్యాయి. మైదాపిండి ఉడికించి, గవరయ్య మొహానికి పీచు అతికించారు. ఆరాక మొహం కదలడం మానేసింది. అయినా ఆయన గర్వంగానే ఉన్నాడు. అదీ మొహం కదిలితే కనబడేది.

బుధవారం మళ్ళీ మొదలెట్టారు. ఈసారి అన్నం వండకుండా వేచి ఉన్నారు. సాయంత్రానికి వంద శాతమైంది. 'స్వాగతం! మీవన్నీ మీరు పెట్టిన చోటే ఉన్నాయి' అని తెర పలకరించింది.

"అన్నీనా?" అంది బుల్లెమ్మ అనుమానంగా.

లేచి చూసుకున్నారు. గరిటె పెట్టిన చోటే ఉంది. చాప ఉంది. రోకలి ఉంది. సూరన్న ఎడమకాలి చెప్పు లేదు. ఇంకేముంది, కంప్యూటర్ మాట అబద్ధం కాకూడదని దీపాలు పెట్టే వేళ దాకా వెతికి, కుక్క నోట్లోంచి చెప్పు లాక్కుని, పెట్టిన చోట పెట్టి, "ఇప్పుడు నిజమే" అని తెరకి చెప్పి పడుకున్నారు.

గురువారం. పదహారు జాకెట్లూ అయిపోవలసిన రోజు. ఒక్క కుట్టు పడలేదు. బొమ్మల సాఫ్ట్‌వేర్ తెరిచారు. 'కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గుర్తించాం. ఇది అసలైన సాఫ్ట్‌వేరే అని నిర్ధారించుకోవాలి. మీ పదహారు అక్షరాల కోడ్ చెప్పండి' అని అడిగింది.

నలుగురూ ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

"చూశావటే మంగా? ఎవరికీ చెప్పొద్దన్నది ఇందుకే! దొంగ లోపలికి వచ్చేశాడు!" అంది బుల్లెమ్మ.

"ఎలా వచ్చాడమ్మా? గుమ్మంలో నువ్వే ఉన్నావుగా?" అన్నాడు సూరన్న.

"ఆ కొత్త డ్రైవరేరా దొంగ. మొన్న మనమే కదా రానిచ్చాం!"

సూరన్న ధైర్యం చేసి 'చెప్పం' అని టైపు చేశాడు. 'కోడ్ తప్పు. ఇంకా మూడు అవకాశాలు ఉన్నాయి' అంది తెర.

"బతిమాలుతోంది. లొంగకు" అంది బుల్లెమ్మ.

మంగతాయారు ఫణికుమార్‌కి ఫోన్ చేసింది. "కంప్యూటర్ కోడ్ అడుగుతోందండీ. మేం చెప్పలేదండీ" అంది, బహుమతిస్తాడేమో అన్నట్టు.

"అయ్యో, కంప్యూటర్‌కి చెప్పాలమ్మా! అది అడిగితే ఇవ్వడానికే కదా ఆ కోడ్. అందులో టైపు చెయ్యండి. పోనీ నాకు చెప్పండి, నేను చూస్తాను."

"తమకా?" మంగతాయారు గొంతు తగ్గించి, ఫోన్ మూసి పట్టుకుంది. "అత్తయ్యా, ఈయన కూడా అడుగుతున్నాడు."

"పెట్టెయ్యవే ఫోన్!"

పెట్టేసింది. తర్వాత చాలాసేపు ఆలోచించి, నోటితో అనకుండా టైపు చేస్తే చెప్పినట్టు కాదని తేల్చుకున్నారు. కానీ ఎవరి కంటా పడకూడదు కదా. ఒకరు టైపు చేస్తుంటే మిగతా ముగ్గురూ కళ్ళు మూసుకోవాలి. గవరయ్య అక్కడితో ఆగలేదు. "టైపు చేసేవాడిది మాత్రం కన్ను కాదా?" అన్నాడు. అంతే, టైపు చేసేవాళ్ళు కూడా కళ్ళు మూసుకున్నారు.

ముందెవరు? చీటీలో ఎవరి ముక్క ముందో ఎవరికీ గుర్తులేదు. వయసు ప్రకారం అనుకున్నారు. బుల్లెమ్మ కళ్ళు మూసుకుని బాతుకోసం మీటల మీద తడిమింది. 'తప్పు' అంది తెర. ఆడవాళ్ళు ముందన్నారు. తప్పు. చివరికి, పొయ్యిలో ఎవరి ముక్క ముందు కాలిందో వాళ్ళు ముందన్నారు. 'తప్పు. మీ సాఫ్ట్‌వేర్‌కి తాళం పడింది' అని తెర ఎర్రగా మారింది.

"దొంగకి తాళం పడింది!" అని బుల్లెమ్మ చప్పట్లు కొట్టింది.

శుక్రవారం ఫణికుమార్ తనే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో వీపు తిప్పించారు. లోపలికెళ్ళి తిరిగి చూస్తే, చింపిరి జుట్టు ఇల్లాలు, మాసిన చొక్కా మరిది, ఇంటినిండా తుక్కు, కొబ్బరిపీచు మొహం పెద్దమనిషి.

"ఏమైందండీ మీ ఇంట్లో?" అన్నాడు భయంగా.

"ఆపరేటింగ్ సిస్టమ్ మార్చామండి" అన్నాడు గవరయ్య పెదవులు కదలకుండా.

ఫణికుమార్ కంపెనీకి ఫోన్ చేసి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఫోన్ చేసి, మధ్యాహ్నానికి తాళం తీయించాడు. కొత్త కోడ్ చీటీ మాత్రం వాళ్ళకివ్వలేదు. తన జేబులోనే పెట్టుకున్నాడు.

"ఇప్పుడు అంతా సవ్యంగా ఉంది. మీరిక ఏదీ నొక్కకండి, నెమలి ఒక్కటి నొక్కండి. రేపటికల్లా పదహారూ అయిపోతాయి. ఒక్క సంగతి మాత్రం మరిచిపోకండి. ఏం చేసినా చెయ్యండి, కాపీ మాత్రం తియ్యొద్దు."

ఆ చివరి మాట అనకుండా వెళ్ళుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మిషను మొదలైంది. టకటకటకమని ఎర్ర గుడ్డ మీద నెమలి దిగింది. ఆకుపచ్చ మెడ, నీలం తోక, తల మీద కుచ్చు. నలుగురూ నోళ్ళు తెరుచుకుని చూశారు. గవరయ్య తెరవలేకపోయాడు గానీ చూశాడు. సూరన్న రెండో ముక్క బిగించి మీట మీద వేలు పెట్టాడు.

"ఆగరోయ్!" అని అరిచింది బుల్లెమ్మ. "ఇప్పుడు ఇంకో నెమలొస్తుందా?"

"వస్తుందమ్మా."

"ఇలాంటిదేనా?"

"అచ్చం ఇలాంటిదే. ఈక తేడా ఉండదు."

"మరి అది కాపీ కాదట్రా?"

సూరన్న వేలు మీట మీదనుంచి పాములా వెనక్కొచ్చింది.

"పదిహేను నేరాలు చెయ్యబోయాం" అంది మంగతాయారు, గుండె మీద చెయ్యి వేసుకుని.

"పదిహేను కాదు వదినా" అన్నాడు సూరన్న సన్నగా. "కంప్యూటర్‌లో ఒక నెమలుంది. గుడ్డ మీద ఒకటుంది. ఇప్పటికే రెండయ్యాయి."

అంతే. గవరయ్యకి పీచు కింద చెమటలు పట్టాయి. ఇంకేముంది, కంప్యూటర్‌లో ఉన్న నెమలిని వెతికి పట్టుకుని తుడిచేశారు. 'శాశ్వతంగా తీసెయ్యాలా?' అని అడిగితే "శాశ్వతంగానే" అని నలుగురూ ఒకేసారి అన్నారు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద ముంజేటి వారి నెమలి ఒక్కటే. అసలుది. నేరం లేనిది.

"బాగానే ఉంది గానీ, టీచరుగారికి పదహారుమంది ఉన్నారు" అంది మంగతాయారు.

నలుగురూ తలలు పట్టుకున్నారు. ఆరేళ్ళ కోరిక ఆవిడది. మోకాళ్ళ సంగతి కూడా చెప్పింది. ఉత్త చేతులతో ఎలా పంపిస్తారు?

సూరన్నకి తట్టింది. "నెమలి ఒక్కటే ఉండాలంటే జాకెట్టు కూడా ఒక్కటే ఉండాలి. అంతే కదా? పదహారుమందికీ సరిపడా కుడదాం."

ఆ తెలివికి బుల్లెమ్మ కొడుకుని ముద్దు పెట్టుకుంది.

శుక్రవారం సాయంత్రమంతా, శనివారం పొద్దున్నంతా కుట్టారు. పదహారు ముక్కలూ కలిపి ఒకటే జాకెట్టు. ముప్పై రెండు చేతులు. పదహారు తలలు పట్టాలి కాబట్టి మెడ బావి గట్టంత గుండ్రంగా తీశారు. వీపు మధ్యలో, పచ్చిక బయల్లో తప్పిపోయినట్టు, ఒక్క నెమలి. ముందువైపు హుక్కులు.

మూడున్నరకి వరహాలమ్మ టీచరు, పదిహేనుమంది ఆడవాళ్ళూ వీపులు ముందుకి పెట్టుకుని గుమ్మం దాటారు.

"ఇప్పుడు తిరగండమ్మా" అంది బుల్లెమ్మ.

తిరిగారు. ఎదురుగా దండెం మీద, ఈ గోడనుంచి ఆ గోడ దాకా, ముప్పై రెండు చేతులు వేలాడుతున్నాయి.

"ఇదేంటిది, షామియానానా?" అంది టీచరు.

"జాకెట్టండి. అందరూ దగ్గరగా నిలబడి, ఒక్కసారి చేతులెత్తితే పైనుంచి దించేస్తాం" అంది మంగతాయారు. "హుక్కులు పెట్టడానికి మాత్రం మనిషి బయటుండాలి. సూరన్నని అమలాపురం తీసుకెళ్ళండి."

టీచరు పీట మీద కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒకావిడ ఓ చేతిలోంచి తల దూర్చి చూసి, గబుక్కున తీసేసుకుంది.

"గవరయ్యా, అరగంటలో బస్సు. నాకు పదహారు కావాలి. విడివిడిగా కావాలి. ప్రతివాళ్ళ వీపు మీదా నెమలుండాలి" అంది టీచరు ఒక్కో మాటా నొక్కి.

"కొత్త నెమలి కుట్టకుండానాండీ?"

"కుడతావో ఏం చేస్తావో నాకు తెలీదు. ప్రతివాళ్ళకీ నెమలి రావాలి!"

నలుగురూ మూల చేరి గుసగుసలాడుకున్నారు. విడివిడిగా పదహారు. అందరికీ నెమలి. కాపీ ఉండకూడదు. బుల్లెమ్మ మొహం ముందు వెలిగింది, తర్వాత మంగతాయారుది, తర్వాత సూరన్నది. గవరయ్యది లోపల వెలిగింది.

"ఓస్, ఇంతేనాండీ! చిటికెలో పని. మీరు అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగండి" అని మంగతాయారు పెద్ద కత్తెర తీసింది.

టీచరుకి ప్రాణం లేచొచ్చింది. లోపల కత్తెర కరకరలాడింది, మిషను గరగరలాడింది. వీధి చివర బస్సు హారన్ వినబడేసరికి మంగతాయారు పదహారు జాకెట్లూ మడతపెట్టి తెచ్చింది. విడివిడిగా. ఎర్రగా. టీచరు లెక్క చూసుకుంది. సరిగ్గా పదహారు.

"నా తల్లే!" అని తనది విప్పి, వెనక్కి తిప్పి చూసింది. వీపు మధ్యలో అరచేతిలో సగమంత ముక్క అతికించి ఉంది. దాని మీద ఒక గుండ్రటి కన్ను, టీచరునే చూస్తోంది.

"మిగతా నెమలేది?"

"అందరికీ సమానంగా పంచేశామండి" అంది మంగతాయారు. "మీరు పెద్దవారు కదా అని కన్ను మీకిచ్చాం. ముక్కు సత్యవేణిగారికి. కుచ్చు ఆ పొడుగమ్మాయికి. కాళ్ళు రెండే ఉన్నాయి, ఇద్దరికే వచ్చాయి. తోక మాత్రం పదకొండు మందికి సరిపోయింది, మంచి తోక."

"కాపీ ఒక్కటి లేదండి. కావాలంటే కలిపి చూసుకోండి" అన్నాడు గవరయ్య.

హారన్ మళ్ళీ మోగింది. డ్రైవరు ఇంజను రైజ్ చేశాడు. ఇంటికెళ్ళి వేరే జాకెట్లు తెచ్చుకునే వ్యవధి లేదు. టీచరు కన్నునీ, కన్ను టీచరునీ కాసేపు చూసుకున్నాయి. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నారు. నవ్వు.

"ఎక్కండే" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఆరేళ్ళకి రంగైనా ఒకటే అయింది. ఎక్కండి, ఎక్కండి. తోకవాళ్ళంతా వెనక సీట్లకి పొండి."

బస్సు కదిలింది. ముంజేటి వారు నలుగురూ రోడ్డు మీదకొచ్చి గర్వంగా చేతులూపారు. అంతలో బుల్లెమ్మకి ఏదో గుర్తొచ్చింది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బస్సు వెనకాల పరిగెత్తింది.

"టీచరమ్మోయ్! ఆటలో ఆ కుడికాలు వచ్చిన పిల్లని మాత్రం అడుగు తప్పనివ్వకు! నెమలి కుంటిదైపోతుంది!"